చన్నీటి తొట్టి – అలసిన కండ

క్రీడాకారులు పోటీ ముగిసిన వెంటనే మంచుగడ్డలు తేలుచున్న తొట్టిలో రొమ్మువరకు మునిగి, పండ్లు బిగబట్టి కూర్చుండు దృశ్యము నేడు పత్రికలలోను, టెలివిజనులోను, చేతిఫోనులలోను తరచుగా కనబడుచున్నది. దానిని చూచిన మన యువకులును నీళ్ల పీపాను కొని తెచ్చి, ఐసుగడ్డలు వేసి, వ్యాయామము ముగియుటయే తడవుగా అందులో దిగుచున్నారు. పోలీసు ఉద్యోగముల ఎంపికకై తెల్లవారుజామున పరుగులు తీయువారు, కబడ్డీ ఆడువారు, బరువులెత్తువారు దీనిని సాధనలో ఒక భాగముగా భావింపసాగిరి. ఇంటిలోని పెద్దలు చూచి, "చెమటపట్టిన ఒంటిమీద చన్నీళ్లేమిట్రా, పడిశం పట్టి పడుకుంటావు" అని కేకలు వేయుదురు. "పెద్ద పెద్ద ఆటగాళ్లందరూ ఇలాగే చేస్తున్నారు, మీకేం తెలుసు" అని కుర్రవాడు బదులు చెప్పును. ఈ తగవులో ఎవరి పక్షమున ఎంత సత్యము కలదో విచారింపదలచితిమి.

పెద్దల భయమునకు ఆధారము లేదని మొదటనే చెప్పివేయుదుము. పడిశము సూక్ష్మజీవులవలన వచ్చునదేగాని చన్నీటివలన వచ్చునది కాదు. అయితే కుర్రవాని ధీమాకును పూర్తి ఆధారము లేదు. అసలు అతడు పోగొట్టుకొనదలచిన నొప్పి ఏమిటో తెలిసికొన్నగాని తొట్టి సంగతి తేలదు.

పరుగెత్తుచుండగనే తొడలలో పుట్టు మంట ఒకటి కలదు. ఆగి నిలిచిన కొలది నిమిషములలో అది చల్లారును. దానితో మనకు పని లేదు. మరునాడు నిద్రలేచునప్పటికి పట్టుకొని, రెండవనాడో మూడవనాడో ముదిరి, అటుపై మెల్లగా వదలిపోవు నొప్పి మరియొకటి. కుర్సీలోనుండి లేవలేక, మెట్లు దిగలేక, దగ్గిన కడుపు పట్టుకొనునట్లు చేయునది ఇదియే. కండలలో లాక్టిక్ ఆమ్లము పేరుకొనుటచేత ఇది కలుగునని చాలకాలము చెప్పుకొనిరి. ఇప్పటికిని చెప్పువారు కలరు. అది సరి కాదు. కఠినమైన వ్యాయామమువలన రక్తములో పెరిగిన లాక్టేటు ఇంచుమించు ఒక గంటలో మామూలు స్థాయికి దిగిపోవును. నొప్పి మొదలగునప్పటికే అది అక్కడ లేదు. లేనిదానిని మంచునీటితో కడిగివేయుట ఎట్లు?

1902లో అమెరికాలోని బోస్టను నగరమున థియొడోర్ హఫ్ అను శరీరశాస్త్రజ్ఞుడు వ్రేలిని ముడుచు కండచేత ఎర్గోగ్రాఫు అను యంత్రముమీద మరల మరల పని చేయించి, ఈ ఆలస్యపు నొప్పిని పరిశీలించెను. కండలోపల ఏవో సూక్ష్మమైన చీలికలు కలుగుటయే దీనికి కారణమని ఆయన అభిప్రాయపడెను. నూరేండ్లకు పైబడిన తరువాతను ఆ మాటలోని సారము నిలిచియే యున్నది. కండ కుదించుకొనుచు బరువును ఎత్తునప్పటికంటె, సాగుచు బరువును ఆపునప్పుడు ఎక్కువ దెబ్బతినును. సింహాచలము మెట్లు ఎక్కువానికి ఆయాసము వచ్చును. దిగినవానికి మరునాడు తొడలు పట్టుకొనును. దిగునప్పుడు శరీరభారము ముందుకు తూలిపోకుండ తొడ ముందరి కండ అడుగడుగునను సాగుచునే ఆపుచుండుట దీనికి హేతువు. వరినాట్లు మొదలైన తొలిరోజున నడుమును, తొడల వెనుక భాగమును పట్టుకొని మూలుగు కూలి, పది రోజులకు అదే మడిలో అదే పనిని నొప్పి లేకుండ చేయుట మన పల్లెలలో ఎవరెరుగరు? ఒకసారి ఇట్లు దెబ్బతిని సర్దుకొనిన కండ, కొన్ని వారములవరకు, అదే పనికి మునుపటివలె నొవ్వదు. ఈ సర్దుకొనుట అను మాటను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెను. మంచుతొట్టి గురించిన అసలు వివాదము దీనిమీదనే నిలిచియున్నది.

ఇక చన్నీరు దేహమును ఏమి చేయును? నీరు గాలికంటె ఇంచుమించు 25 రెట్లు అధికముగా ఉష్ణమును ప్రసరింపజేయును. అందుచేతనే 15 డిగ్రీల గాలిలో చొక్కా లేకుండ కూర్చున్నవాడు కొంత వణకి ఊరుకొనును. 15 డిగ్రీల నీటిలో దిగినవానికి ఊపిరి బిగియును. చర్మములోని రక్తనాళములు ముడుచుకొని రక్తము లోపలికి మళ్లును. నరములగుండ పోవు వార్తలు మందగించును. కావున నొప్పి తెలియుట తగ్గును. ఇది నిశ్చయము. మోచేతికి దెబ్బతగిలినప్పుడు ఐసుముక్క పెట్టినవారందరికి ఇది అనుభవమే. దీనికి తోడు నీటి ఒత్తిడియు కలదు. ఒక మీటరు లోతున నీరు కలిగించు ఒత్తిడి పాదరసపు లెక్కలో ఇంచుమించు 74 మిల్లీమీటర్లు. తొట్టిలో నిలుచున్నవాని కాళ్లను అది కట్టువలె చుట్టి అదుముచు, అడుగున చేరిన ద్రవమును పైకి నెట్టును. అయితే ఈ ఒత్తిడి గోరువెచ్చని నీటిలోను ఇంతే ఉండును. తొట్టిలో దిగినవానికి మేలు కలిగినచో అది చలివలననా, నీటివలననా, లేక తొట్టిలో దిగితినను తృప్తివలననా అను సందేహము ఇక్కడనే పుట్టుచున్నది.

ప్రయోగములలో వాడిన నీరు చాలవరకు 10 నుండి 15 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనము కలది. మన మైదానములలో బావినీరు గాని, కుళాయినీరు గాని సాధారణముగా అంత చల్లగా ఉండదు. కార్తికమాసమున తెల్లవారుజామున ఏటిలో మునిగివచ్చినవారు ఒళ్లు కొంకర్లు పోయినదని చెప్పుదురు. వారి భక్తిని మేము తక్కువ చేయము. కాని ఆ నీరు ఈ శాస్త్రజ్ఞుల లెక్కకు రాదు, మూడు మునకల కాలమును చాలదు. గాంధీజీ అభిమానించిన కూనే పద్ధతి తొట్టిస్నానమును దీనికి పూర్వరూపముగా కొందరు చెప్పుదురు. అది కండల అలసటకై ఉద్దేశింపబడినది కాదు గనుక దానిని పక్కన పెట్టుదుము.

కాబట్టి ఐసు కావలెను. ఎంత కావలెనో లెక్కవేసిన ఆశ్చర్యము కలుగును. ఒక తొట్టిలో 200 లీటర్ల నీరు, వేసవినాటి 30 డిగ్రీల వేడితో, ఉన్నదనుకొందము. దానిని 12 డిగ్రీలకు దింపవలెనన్న లీటరునకు 18 వంతున 3,600 కిలో కెలోరీల వేడిని లాగివేయవలెను. ఒక కిలో మంచు కరగునప్పుడు 80, ఆ కరగిన నీరు 12 డిగ్రీలకు వచ్చునప్పటికి మరియొక 12, వెరసి 92 కిలో కెలోరీలను గ్రహించును. భాగించినచో 39 కిలోల పైచిలుకు వచ్చుచున్నది. అనగా తొట్టి గోడలు, ఎండ, లోన దిగిన మనిషి ఇచ్చు వేడిని లెక్కింపకయే ఒక్క స్నానమునకు 40 కిలోల మంచు! ఫ్రిజ్జులోని రెండు ట్రేల ముక్కలను పీపాలో వేసి మంచుస్నానము చేసితినని సంతోషించువాడు నిజమునకు చేసినది మామూలు స్నానమే. అంత మంచును పది మంది పంచుకొందమని జట్టు మొత్తము ఒకే నీటిలో వరుసగా దిగుటయు మంచిది కాదు. కబడ్డీ కోర్టులో మోకాళ్లు దోకినవారు అందరికంటె ముందు దిగుచుందురు!

ఇప్పుడు ప్రయోగముల మాట. వైద్యవిషయములలో జరిగిన పరీక్షలనన్నిటిని ఏరి, కలిపి, తూచి చెప్పు కాక్రేన్ సంస్థవారు 2012లో ఈ సంగతిని చేపట్టిరి. అప్పటికి దొరకిన 17 చిన్న ప్రయోగములను, మొత్తము 366 మంది పాల్గొన్నవానిని, పరిశీలించిరి. వ్యాయామము ముగిసిన తరువాత ఊరక కూర్చున్నవారికంటె చన్నీట మునిగినవారికి మరునాటినుండి నాలుగవనాటివరకు నొప్పి తక్కువగా ఉన్నట్లు తేలినది. ఇది కుర్రవాని పక్షమున పడిన మొదటి సాక్ష్యము. మేము దానిని త్రోసిపుచ్చము. కాని అదే నివేదికలో మరికొన్ని మాటలును కలవు. మునిగియున్న కాలము ఒక ప్రయోగమున 5 నిమిషములైన మరియొకదానిలో 24 నిమిషములు. గోరువెచ్చని నీటితోనో, తేలికపాటి కదలికలతోనో పోల్చి ఇది మేలని తేల్చుటకు తగినన్ని ఆధారములు లేవు. హాని కలిగినదా అను విచారణ చాలచోట్ల జరుగనే లేదు.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఒక మందును పరీక్షించునప్పుడు సగముమందికి మందుమాత్రను, సగముమందికి అదే రంగు ఉత్తమాత్రను ఇచ్చి, ఎవరికేది ఇచ్చినదియు వారికి తెలియకుండ చేయుదురు. మంచునీటికి మారువేషము లేదు. దిగినవానికి దిగితినని తెలియును, దిగితినని తెలిసిన తరువాత "నొప్పి ఎట్లున్నది?" అని అడిగిన, పడిన కష్టమునకు ఫలముండవలెను గదా, తగ్గినదనియే చెప్పును. ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున 2014లో ఫలితములు ప్రకటించిన పరిశోధకులు దీనికొక చమత్కారమైన ఉపాయమును పన్నిరి. 30 మంది పురుషులచేత సైకిలు యంత్రముమీద తీవ్రముగా తొక్కించి, వారిని మూడు గుంపులుగా విభజించి, పదునైదేసి నిమిషములు నీట కూర్చుండబెట్టిరి. ఒక గుంపునకు 10 డిగ్రీల చన్నీరు. రెండవదానికి 35 డిగ్రీల గోరువెచ్చని నీరు. మూడవదానికిని అదే గోరువెచ్చని నీరు. అయితే వారు చూచుచుండగా అందులో ఒక ద్రవమును కలిపి, ఇది కండలను కోలుకొనజేయు తైలము, మంచునీటివలెనే పనిచేయునని నమ్మబలికిరి. నిజమునకు అది చర్మమును శుభ్రపరచు మామూలు ద్రవము. తరువాతి రెండు దినములు తొడకండల బలమును కొలిచి చూడగా, తైలపు నీటివారు మంచునీటివారికి ఏమాత్రము తీసిపోలేదు. ఉత్త గోరువెచ్చని నీటిలో కూర్చున్నవారే ఇరువురికంటె వెనుకబడిరి.

దీనినిబట్టి మంచునీటి ప్రభావమంతయు భ్రమ యని కొందరు తీర్మానింతురు. మేమంత దూరము పోము. నమ్మకమును దేహములో పనిచేయు శక్తులలో ఒకటియే. ఎల్లుండి సెమీఫైనలు ఆడవలసినవానికి బలము ఏ దారిని వచ్చినను బలమే. కాని 40 కిలోల మంచు కొనుటకు ముందు ఈ ప్రయోగమును గుర్తుచేసికొనుట జేబునకు మంచిది.

ఇంతవరకు చెప్పినది నొప్పి సంగతి. నొప్పి తగ్గుట వేరు, కండ బాగుపడుట వేరు. ఈ రెండును ఒకటే యని చాలమంది తలంచుటవలననే చిక్కు వచ్చుచున్నది. 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ దెబ్బతగిలిన చోటునకు విశ్రాంతినిచ్చుట, మంచుపెట్టుట, కట్టు బిగించుట, ఎత్తున ఉంచుట అను నాలుగింటిని సూత్రముగా చెప్పెను. అది ప్రపంచమంతట ఆటస్థలములలో వేదవాక్యమైనది. ముప్పది యేండ్లకు పైగా గడచిన పిమ్మట ఆయనయే, మంచు నొప్పిని తగ్గించునుగాని మానుటను ఆలస్యము చేయవచ్చునని తన మాటను సవరించుకొనెను. ఇట్లు చెప్పగలిగిన వైద్యునియందు మాకు గౌరవము హెచ్చినది.

బరువులెత్తు యువకులు వినవలసినది ఇక్కడ మొదలగుచున్నది. 2006లో జపాను పరిశోధకులు కొందరిచేత కొన్ని వారములు కాళ్లకును, ముంజేతులకును వ్యాయామము చేయించి, ప్రతిసారి ఒక ప్రక్క అవయవమును చన్నీట ఉంచి, రెండవ ప్రక్కదానిని ఊరక వదలిరి. మనిషి ఒక్కడే, తిండి ఒక్కటే, నిద్ర ఒక్కటే. అయినను చల్లబరచిన ప్రక్క సాధనఫలము తక్కువగా ఉండెను. ఈ సంగతి అప్పుడు అంతగా ప్రచారమునకు రాలేదు. 2015లో ఆస్ట్రేలియానుండి వెలువడిన ప్రయోగము గట్టిగా చెప్పినది. 21 మంది పురుషులు వారమునకు రెండుమార్లు చొప్పున 12 వారములు కాళ్లకు బరువుల వ్యాయామము చేసిరి. ప్రతిసారి ముగియగానే కొందరు 10 నిమిషములు చన్నీట కూర్చుండిరి. మిగిలినవారు సైకిలు యంత్రమును మెల్లగా తొక్కిరి. మూడు నెలలు గడచునప్పటికి మెల్లగా తొక్కినవారి కండయు, బలమును చన్నీటివారికంటె ఎక్కువగా పెరిగెను. కండనుండి చిన్న తునకలను తీసి చూడగా, కొత్త కండను కట్టుటకు మేల్కొనవలసిన కణములును, వానిని మేల్కొలుపు రసాయనిక సంకేతములును చన్నీటివలన మందగించినట్లు కనబడెను.

2020లో నెదర్లాండ్సు దేశమునందలి మాస్ట్రిఖ్టు పరిశోధకులు 12 మందిచేత రెండు వారములు ఇట్లే వ్యాయామము చేయించి, ప్రతిసారి ఒక కాలిని 8 డిగ్రీల నీటిలోను, రెండవ కాలిని 30 డిగ్రీల నీటిలోను 20 నిమిషములు ఉంచిరి. ఒక కాలు చలికి బిగిసి, ఒక కాలు హాయిగా ఉన్న ఆ మనుష్యుల ముఖములు ఎట్లుండెనో మేము ఊహింపగలము. వారు తిన్న ఆహారములోని మాంసకృత్తులు ఏ కాలి కండలో ఎంత కూడినవో కొలిచి చూచిరి. చల్లని కాలిలో తక్కువగా కూడెను.

వాపు తగ్గుటచేత ఇట్లు జరుగునని సులభముగా చెప్పివేయవచ్చును; మేమును అట్లే తలంచుటకు అలవాటుపడియుంటిమి గదా, చల్లదనము వాపును అణచునని. కాని 2017లో తొమ్మండుగురి కండలను పరీక్షించి చూడగా, చన్నీట మునిగినప్పుడును, మెల్లగా సైకిలు తొక్కినప్పుడును కండలోపలి వాపు లక్షణములు ఒకే తీరుగా ఉండెను. ఇల్లు మరమ్మతునకు మేస్త్రీలు రెండు చోట్లకును సమానముగానే వచ్చిరి. చల్లని ఇంటికి ఇటుక అందలేదు, అంతే. రక్తప్రసరణము తగ్గుటయు, కండను కట్టు సంకేతములు మందగించుటయు దీనికి కారణములని భావింపబడుచున్నది. బలము విషయమున అన్ని ప్రయోగములును ఏకీభవింపలేదనియు చెప్పవలెను. 2019నాటి ఒక ప్రయోగమున కండపోగుల పెరుగుదల తగ్గినను బలము తగ్గలేదు. అయితే 2021లో ఇట్టివానిని కలిపి లెక్కచూచినవారు, నిత్యము చన్నీట మునుగుట బరువుల సాధనకు కీడు చేయుననియు, దూరపు పరుగు, సైకిలు వంటి దమ్ముకు సంబంధించిన సాధనకు కీడు చేయదనియు తేల్చిరి.

మా అభిప్రాయము ఇది. ఇవాళ ఆట, రేపు ఆట, ఎల్లుండి ఆట ఉన్న టోర్నమెంటులో ఆటగానికి కండ పెంచుకొను తీరిక లేదు. నొప్పి తగ్గి కాళ్లు తేలికపడిన చాలును. అట్టివాడు 10 నుండి 15 డిగ్రీల నీటిలో పది నిమిషములు కూర్చుండుటలో అర్థము కలదు. బ్రిటిషు పరుగుకత్తె పౌలా రాడ్‌క్లిఫ్ 2002లో మ్యూనిచ్ నగరమున 10,000 మీటర్ల యూరోపియను పోటీని గెలిచి, మంచుస్నానములు తనకు తోడ్పడినవని చెప్పుటతో ఈ పద్ధతి లోకమున మరింత ప్రసిద్ధి కెక్కెను. ఆమె దూరపు పరుగువారు. ఆమెకు కావలసినది వేరు. ఎంపిక పరీక్షకు ఇంకను ఆరు నెలలున్న కుర్రవాడు, గుండు విసరుటకును, ఎగిరి దూకుటకును బలము కూడబెట్టుకొనుచున్నవాడు, ప్రతిదినము వ్యాయామము ముగియగానే మంచునీట దిగుట మాత్రము ఒక చేత పోసినదానిని మరియొక చేత తోడివేయుటయే. ఆ నొప్పిలో కొంత అతనికి అవసరమైన నొప్పి. ఉక్కబోతగా ఉన్నది, స్నానము చేయవలెనన్నచో నిక్షేపముగా బావిదగ్గర చేయవచ్చును. మన బావినీటికి కండను ఆపు శక్తి యున్నట్లు ఏ ప్రయోగమును చెప్పలేదు.

తొట్టికంటె చవుకయైనవి వేరే కలవు. మరునాడు మెల్లగా నడచుట, తగినంత నిద్ర, పప్పు, గుడ్డు, పెరుగు వంటి ఆహారము. వీనిని గురించి శ్రోతలు పలుమార్లు వినియుందురు గనుక విస్తరింపము. నిద్ర మానుకొని మంచుకొనువారిని చూచినప్పుడు మాత్రము నవ్వు వచ్చును.

నవ్వుటకు వీలులేని మాట ఒకటి కలదు. చన్నీరు అందరికి క్షేమము కాదు. 15 డిగ్రీలకు తక్కువైన నీటిలో ఒక్కసారిగా దిగినవానికి మొదటి రెండు మూడు నిమిషములలో తనకు తెలియకుండనే గాలి గుప్పున లోనికి పోవును; ఊపిరి వేగమగును; గుండె దడదడలాడును; రక్తపుపోటు పెరుగును. ఆ క్షణమున తల నీటిలో నుండెనా, ఊపిరితిత్తులలోనికి పోవునది నీరే. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయమున మైక్ టిప్టన్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును ఈ విషయమును ఏండ్లతరబడి పరిశోధించిరి. చలికి దేహము గుండెను పరుగెత్తుమనును; ముఖము మునిగినచో అదే దేహము గుండెను నెమ్మదింపుమనును. రెండు ఆజ్ఞలు ఒకేసారి అందిన గుండె లయ తప్పవచ్చునని వారు హెచ్చరించిరి. కావున గుండెజబ్బు, అధికరక్తపుపోటు ఉన్నవారును, మధుమేహమువలన పాదములకు స్పర్శ తగ్గినవారును, చలికి వ్రేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కువారును వైద్యుని అడుగక ఈ పని చేయరాదు. ఆరోగ్యవంతుడైనను ఒంటరిగా దిగరాదు, తల ముంచరాదు, గెంతరాదు. కాళ్లతో మొదలిడి మెల్లగా దిగి, పది పదునైదు నిమిషములకు మించి ఉండరాదు. ఎవరు ఎక్కువసేపు కూర్చుందురో చూతమని పందెములు వేసికొనుట మూర్ఖత్వము. బయటికి వచ్చిన తరువాతను కొంతసేపు దేహము లోపల ఇంకను చల్లబడుచునే యుండును. గనుక వెంటనే తుడుచుకొని పొడిబట్టలు కట్టుకొనవలెను.

ఇన్ని మాటలు చెప్పి తొట్టిని పక్కకు నెట్టివేసితిమని తలంపవలదు. మన ఎండలలో తొట్టికి ఒక పని కలదు. అక్కడ సందేహము లేదు, వాదము లేదు. అది వడదెబ్బ. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో కలిపి రెండు వేలమందికి పైగా ఎండకు బలియైరి. వారిలో ఎక్కువమంది ఎండలో కష్టము చేయువారు, వృద్ధులు. పరుగెత్తుచుగాని, బరువు పని చేయుచుగాని పడిపోవువానికి వచ్చు వడదెబ్బలో దేహము లోపలి వేడి 40 డిగ్రీలను దాటును. మనిషి తూలును, సంబంధము లేని మాటలాడును, తెలివితప్పును. ఒళ్లు పొడిగా ఉన్నగాని వడదెబ్బ కాదని అనుకొందురు. అది పొరపాటు; వ్యాయామమువలన వచ్చినదానిలో చెమట ధారలుగా కారుచుండవచ్చును. చంకలో పెట్టిన థర్మామీటరును నమ్మి కాలము పుచ్చరాదు. అది లోపలి వేడిని సరిగా చూపదు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఫాల్మత్ అను ఊరిలో ఏటేట ఆగస్టు నెలలో 7 మైళ్ల పరుగుపందెము జరుగును. అక్కడ గమ్యముకడనే మంచునీటి తొట్లను సిద్ధముగా ఉంచి, వడదెబ్బతో పడినవానిని ఆసుపత్రికి పంపుటకు ముందే అందులో ముంచుదురు. 18 సంవత్సరముల లెక్కలను 2015లో ప్రకటించిరి. వడదెబ్బ తగిలి ఇట్లు చికిత్స పొందినవారు 274 మంది, అందరును బ్రదికిరి. మంచునీటిలో దేహపు లోపలి వేడి ఇంచుమించు అయిదు నిమిషములకు ఒక డిగ్రీ చొప్పున దిగును. పడిపోయిన అరగంటలోపల దిగవలెను; ఆలస్యమైనకొలది మెదడు, మూత్రపిండములు, కాలేయము చెడును. అందుచేతనే "ముందు చల్లార్చుడు, తరువాత తరలింపుడు" అని వైద్యులు చెప్పుచున్నారు.

పరుగుల ఎంపిక జరుగు మైదానములలోను, పాఠశాలల ఆటలపోటీలలోను ఒక తొట్టియు, కొంత మంచును సిద్ధముగా ఉంచుట పెద్ద ఖర్చు కాదు. తొట్టి లేకున్న లారీమీద కప్పు టార్పాలిను పట్టా చాలును. మనిషిని దానిమధ్య పరుండబెట్టి, నలుగురు నాలుగు అంచులను ఎత్తి పట్టుకొనిన అదియే తొట్టి. దొరకిన నీటిని, దొరకిన ఐసును అందులో పోసి, ప్రక్కలనుండి ఊపుచు నీటిని కదలించుచుండవలెను. ఐసు లేదని వెనుదీయరాదు. 26 డిగ్రీల నీరును లోపలి వేడిని చక్కగా దింపగలదని ప్రయోగములు చూపినవి. అదియు లేనిచోట బట్టలు వదులుచేసి, ఒళ్లంతయు తడిపి, గట్టిగా విసరవలెను. ఎండలో కష్టము చేయకయే, ఇంటిలోనుండియే ఉడికిపోయిన ముసలివారికి ఈ తడిపి విసరుటయే ఎక్కువ అనువైనది. తెలివిలేనివానినోట నీరు పోయరాదు. ఈలోగా ఒకరు 108కి ఫోను చేయవలెను. ముంచినవానిని పది పదునైదు నిమిషములు ఉంచి, వణకు మొదలైనను, తెలివి కుదురుకొనినను బయటికి తీయవచ్చును. నీటిలో ఉన్నంతసేపు ఒకరు అతని తలను రెండుచేతుల పైకెత్తి పట్టుకొని, పేరు పెట్టి పిలుచుచు, బదులు వచ్చుచున్నదో లేదో వినుచుండవలెను.